పాత రూపాయి గ్రేడ్ ఎలా చూడాలి? తోమడానికి ముందు, అమ్మడానికి ముందు చేయాల్సిన పనులు

హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఇప్పటికీ ఇనప్పెట్టెలోనో, దేవుడి గదిలోని వెండి గిన్నెలోనో నాలుగు పాత రూపాయలు ఉంటాయి. కొన్ని చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయలు. పెద్దవాళ్లు వీటిని హాలీ అనేవాళ్లు. ఇంకొన్ని రాజు బొమ్మో రాణి బొమ్మో ఉన్న బ్రిటిష్ రూపాయలు. వాటిని కల్దార్ అనేవాళ్లు. "ఇది ఎంత పలుకుతుంది?" అని అడిగేవాళ్లు ముందు నాణెం మీది సంవత్సరం చెబుతారు. నేను మాత్రం నాణెం ఎలా ఉందో చూపించమంటాను. ఒకే సంవత్సరం, ఒకే టంకశాల నుంచి వచ్చిన రెండు రూపాయల్లో ఒకటి వెండి ధరకే పోవచ్చు, రెండోది దానికి ఎన్నో రెట్లు పలకవచ్చు. ఆ తేడా నాణెం స్థితిలో ఉంది. గ్రేడింగ్ అంటే ఆ స్థితిని చదివి ఒక పేరు, ఒక అంకె ఇవ్వడమే.

ఈ పని చేసే పెద్ద కంపెనీలు ఉన్నాయి, వాటి గురించి కింద చెబుతాను. కానీ ఏ కంపెనీకి పంపాలన్నా, ఏ దుకాణంలో కొనాలన్నా ముందు మీ కన్ను పనిచేయాలి. మీకు గ్రేడ్ చూడటం రాకపోతే అవతలివాళ్లు చెప్పిందే మీకు గ్రేడ్ అవుతుంది, వాళ్లు చెప్పిందే ధర అవుతుంది. నేర్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక వరుసలో ఓపిగ్గా చూడటం అలవాటు చేసుకుంటే చాలు.

మొదటిది: తోమకండి

దీపావళికి లక్ష్మీపూజలో పెట్టే ముందు వెండి రూపాయల్ని విభూతితోనో, పళ్లపొడితోనో, టూత్‌పేస్ట్‌తోనో తోమడం మన ఇళ్లలో మామూలే. రాగి అణాలైతే చింతపండు. పూజ సామానుకి అది సరే. నాణేనికి అంతకంటే పెద్ద నష్టం లేదు.

ఎందుకో చెబుతాను. వెండి మీద కనిపించే నలుపు మురికి కాదు. గాలిలోని గంధకం వెండితో కలిసి ఏర్పడిన పొర అది. దాన్ని తీసేస్తే దానితో పాటు పైపొర వెండి కూడా పోతుంది. పొడితో రుద్దినప్పుడు సన్నటి గీతలు పడతాయి. మామూలుగా చూస్తే నాణెం తళతళలాడుతుంది. లెన్స్ కింద పెట్టి వెలుగులో అటూ ఇటూ వంచితే ఒకే దిశలో వెళ్లే వెంట్రుకవాసి గీతలు గుంపులుగా బయటపడతాయి. ఒకసారి పడిన గీత మళ్లీ పోదు. రాగి నాణెం చింతపండు తాకితే పైపొర పోయి అసహజమైన గులాబీ రంగుకి వస్తుంది. ఇలాంటి నాణేలకు గ్రేడింగ్ కంపెనీలు మామూలు అంకె ఇవ్వవు, "క్లీన్డ్" అని రాసి పంపుతాయి.

పూజలో రూపాయి పెట్టాల్సిందే అనుకుంటే బాగా అరిగిపోయినవి రెండు విడిగా ఉంచుకుని వాటినే ఏటా వాడండి. మంచివాటికి పసుపు, కుంకుమ, పాలు తగలనివ్వకండి.

మరి ఏం చేయవచ్చు? దుమ్ము పట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో కాసేపు నానబెట్టి, మెత్తటి బట్ట మీద పెట్టి అద్దండి. రుద్దకూడదు. పాత ప్లాస్టిక్ కవర్లలో ఉన్న నాణేల మీద కొన్నిసార్లు ఆకుపచ్చగా, జిడ్డుగా పొర కడుతుంది. దానికి శుద్ధమైన అసిటోన్ వాడవచ్చు. గోళ్ల రంగు తుడిచే ద్రావణం సీసా వద్దు, అందులో వేరేవి కలుస్తాయి. గాజు గిన్నెలో పోసి, కిటికీ తెరిచి, స్టవ్‌కీ దీపానికీ దూరంగా చేయండి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. ఏ మాత్రం అనుమానం ఉన్నా నాణేన్ని అలాగే వదిలేయండి.

బల్ల మీద ఏం ఉండాలి

నగల పనివాళ్లు వాడే 10 రెట్ల లెన్స్, 0.01 గ్రాము వరకూ చూపించే చిన్న తూకం, వ్యాసం కొలిచే క్యాలిపర్, చిన్న అయస్కాంతం, ఒక టేబుల్ ల్యాంప్. కింద మెత్తటి టవల్ పరచండి, నాణెం చేజారినా దెబ్బ తగలదు. గదిలో ట్యూబ్‌లైట్ ఆపేసి ఒక్క ల్యాంప్ వెలుగులోనే చూడండి. వెలుగు నాలుగు వైపుల నుంచీ పడితే గీతలూ, మెరుపూ దాక్కుంటాయి. నాణేన్ని ఎప్పుడూ అంచు పట్టుకోవాలి. బొమ్మ మీద వేలు పెడితే చేతి చెమట ముద్ర కొన్నాళ్లకి అక్కడే మరకై కూర్చుంటుంది.

ముందు లెన్స్ లేకుండా మామూలు కంటితో చూడండి, తర్వాతే లెన్స్ పెట్టండి. మొదటి నుంచే 10 రెట్లలో చూస్తే మంచి నాణెం కూడా దెబ్బల పుట్టగా కనిపించి కంగారు పెడుతుంది.

అసలుదేనా?

గ్రేడ్ కంటే ముందు తేలాల్సింది ఇదే. నకిలీకి గ్రేడ్ ఉండదు.

బ్రిటిష్ వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. పాత లెక్కలో తులం అంటే అదే. ఇప్పుడు నగల దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములు, ఆ లెక్కతో కలిపేయకండి. చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములు. బాగా అరిగిన నాణెం కొంచెం తక్కువ తూగడం సహజం. ఎక్కువ తూగితే అనుమానించాలి. బ్రిటిష్ రూపాయి వ్యాసం 30.5 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది.

అయస్కాంతానికి వెండి అంటుకోదు. అంటుకుంటే లోపల ఇనుమో నికెలో ఉన్నట్టు. అయితే పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి నికెల్‌ది, అది అంటుకుని తీరాలి. అంటుకోకపోతేనే అనుమానం.

తర్వాత అంచు చూడండి. అచ్చులో పోసిన నకిలీలకు అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తుంది, పైన సన్నటి గుంటలు ఉంటాయి, అక్షరాల మూలలు మొద్దుబారి ఉంటాయి. టంకశాలలో కొట్టిన నాణేనికి అక్షరం గోడ నిటారుగా లేచి ఉంటుంది. 1940 నుంచి వచ్చిన ఆరో జార్జి వెండి రూపాయల్లో వెండి సగమే. వాటి అంచు మధ్యలో సన్నటి గాడి కూడా ఉంటుంది.

ఇక సంవత్సరం దిద్దేవాళ్లు ఉన్నారు. 1939 రూపాయి అరుదు, ఖరీదు. అందుకే 1938లోని 8ని 9గా దిద్దుతారు. చివరి అంకె చుట్టూ లెన్స్ పెట్టి చూడండి. అక్కడ మాత్రమే రంగు మారినా, చుట్టూ గీకినట్టు ఉన్నా, మిగతా అంకెల కంటే ఎత్తు తక్కువగా ఉన్నా పక్కన పెట్టేయండి.

1911 రూపాయి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఐదో జార్జి మొదటి రూపాయి అది. రాజు దుస్తుల మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. ఆ ఏడాది దాని తొండం పొట్టిగా పడటంతో జనానికి అది పందిలా కనిపించింది. పెద్ద గొడవ అయింది. నాణేలు చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించారు. 1912లో తొండం పొడుగ్గా, స్పష్టంగా దిద్ది మళ్లీ విడుదల చేశారు. కాబట్టి ఎవరైనా 1911 రూపాయి చూపిస్తే అంకె చూడక ముందే ఏనుగు చూడండి. సంవత్సరం 1911 అని ఉండి, ఏనుగుకి పొడుగాటి తొండం ఉంటే అది దిద్దిన 1912. అంకె దిద్దడం సులువు, ఏనుగుని దిద్దడం కష్టం.

చార్మినార్ రూపాయల్లోనూ ఇలాంటి సొంత సాక్ష్యం ఉంది. చార్మినార్ గుమ్మంలో చిన్న అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలానిదైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిదైతే ఐన్. నాణెం మీద హిజ్రీ సంవత్సరం, నిజాం పాలనలో అది ఎన్నో ఏడాది అన్నదీ రెండూ ఉంటాయి. అంకెలు ఉర్దూలో ఉంటాయి, ఒక గంట కూర్చుంటే వచ్చేస్తాయి. మహబూబ్ అలీ ఖాన్ గద్దెకు వచ్చింది హిజ్రీ 1285లో, ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చింది 1329లో. నాణెం మీది హిజ్రీ సంవత్సరంలోంచి ఆ నిజాం గద్దెకు వచ్చిన సంవత్సరం తీసేసి ఒకటి కలిపితే పాలనా సంవత్సరం రావాలి. 1321 నాణెం మీద 37 ఉంటే లెక్క కుదిరినట్టు. ఒక ఏడాది అటూ ఇటూ ఉండవచ్చు. గుమ్మంలో మీమ్ ఉండి హిజ్రీ 1335 ఉంటే అక్కడితో ఆపేయండి.

అరుగుదల చదవడం

గ్రేడింగ్‌కి ఇదే పునాది. నాణెం మీద అన్ని చోట్లా ఒకేలా అరగదు. బొమ్మలో ఎత్తుగా ఉన్న చోటు ముందు అరుగుతుంది. కాబట్టి నాణెం చేతికి రాగానే మొత్తం చూడకుండా నేరుగా ఎత్తైన చోట్లకి వెళ్లండి.

విక్టోరియా రూపాయిలో చెవి చుట్టూ ఉన్న జుట్టు పాయలు, కిరీటం ముత్యాలు, బట్టల మీద అల్లిక. ఏడో ఎడ్వర్డ్‌కి కిరీటం లేదు కాబట్టి చెవి పైన జుట్టు, గడ్డం. ఐదో జార్జికి కిరీటం మీది రాళ్లు, గడ్డం, ఏనుగు. చార్మినార్ రూపాయికి మినార్ల మీది అరుగుల గీతలు, గుమ్మంలోని అక్షరం, రెండో వైపు మధ్యలో ఉన్న అక్షరాల పైభాగం.

అరిగిన చోటు ఎలా తెలుస్తుంది? రంగు మారుతుంది. చుట్టుపక్కల వెండి మెరుస్తుంటే ఆ ఎత్తు మీద మాత్రం మెరుపు లేని బూడిద రంగు మచ్చ కనిపిస్తుంది. నాణేన్ని వంచినా అక్కడ వెలుగు కదలదు.

ఐదో జార్జి రూపాయి ఒకటి చేతిలో ఉందనుకోండి. రాజు ముఖం ఆకారం మాత్రమే మిగిలి, అక్షరాలు చదవగలిగితే, ఏనుగు జాడ లేకపోతే గుడ్. కిరీటం విడిగా తెలిసి, ఏనుగు ఉన్న చోట ఒక ముద్దలా కనిపిస్తే ఫైన్. కిరీటంలో రాళ్ల వరుస కొంత, ఏనుగు ఆకారం స్పష్టంగా కనిపిస్తే వెరీ ఫైన్, దుకాణాల్లో వీఎఫ్ అంటారు. అన్ని వివరాలూ ఉండి, అన్ని ఎత్తైన చోట్లా కాస్త నలిగినట్టు ఉంటే ఎక్స్‌ట్రా ఫైన్, అంటే ఎక్స్‌ఎఫ్. ఎత్తు మొనల మీద మాత్రమే లేశంగా రుద్దుడు కనిపించి, ఖాళీ జాగాలో టంకశాల మెరుపు ఇంకా ఉంటే అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, ఏయూ. అరుగుదల అసలు లేకపోతే అన్‌సర్క్యులేటెడ్, మన దగ్గర అందరూ యూఎన్‌సీ అంటారు.

ఇక్కడ రెండు వైపులూ విడివిడిగా చూడాలి. బొమ్మ వైపు ఎక్స్‌ఎఫ్, బొరుసు వైపు వీఎఫ్ ఉండటం మామూలే. అమ్మేవాళ్లు బాగున్న వైపు ఫోటోయే పెద్దగా పెడతారు. గ్రేడ్ తేల్చేటప్పుడు సాధారణంగా తక్కువగా ఉన్న వైపుకే మొగ్గాలి.

దుకాణంలో ఎక్స్‌ఎఫ్ అన్న నాణెం మీ కంటికి వీఎఫ్‌గా కనిపిస్తే మీ కన్నునే నమ్మండి. కవర్ మీద రాసిన అక్షరాలు అమ్మేవాళ్ల అభిప్రాయం. దానికి పక్కన ప్లస్ గుర్తు పెట్టడానికి ఖర్చేమీ లేదు.

అరిగిందా, అచ్చు సరిగా పడలేదా?

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. టంకశాలలో అచ్చు గట్టిగా పడకపోతే, లేదా అచ్చు బిళ్లే పాతబడిపోతే కొత్త నాణెంలో కూడా వివరాలు మసకగా ఉంటాయి. ఏనుగు స్పష్టంగా లేదని తొందరపడి దాన్ని అరిగిన నాణెం అనేస్తే మంచి నాణేన్ని పోగొట్టుకుంటారు.

తేడా మెరుపులో ఉంది. అచ్చు సరిగా పడని చోట మసక ఉన్నా దాని మీద కూడా మెరుపు నడుస్తుంది, రంగు చుట్టుపక్కలతో కలిసిపోతుంది. అరిగిన చోట మెరుపు తెగిపోతుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. బొమ్మ మధ్యలో మసక ఉండి, అంచు దగ్గర అక్షరాలు పదునుగా ఉండి, రెండో వైపు సరిగ్గా అదే చోట కూడా మసక ఉంటే చాలావరకు అచ్చు లోపమే.

మెరుపు

మెరుపు అంటే తళతళ కాదు. తోమిన నాణెం కూడా తళతళలాడుతుంది. అచ్చు పడేటప్పుడు లోహం మధ్య నుంచి అంచు వైపు పారుతుంది. ఆ పారుడుకి కంటికి కనిపించని సన్నటి గీతలు ఏర్పడతాయి. ల్యాంప్ కింద నాణేన్ని మెల్లగా వంచుతూ తిప్పితే వెలుగు బండి చక్రం ఆకుల్లా చారలుగా గుండ్రంగా తిరుగుతుంది. అదే అసలు మెరుపు. జేబులో తిరిగినా, బట్టతో రుద్దినా ఆ సన్నటి గీతలు పోతాయి, చారలు తిరగడం ఆగిపోతుంది.

తోమిన నాణెంలో వెలుగు ఒక్కసారిగా అద్దంలా మొత్తం మీద మెరిసి ఒక్కసారిగా ఆరిపోతుంది. ద్రావణంలో ముంచి నలుపు తీసినది పాలిపోయిన తెలుపులో ఉంటుంది, ప్రాణం లేనట్టు అనిపిస్తుంది. చాలా ఏళ్ల కిందట తోమినదైతే అక్షరాల మూలల్లో నల్లటి మురికి అలాగే ఉండి, ఖాళీ జాగా మాత్రం తెల్లగా ఉంటుంది. ఈ తేడా చూపుకి పట్టడానికి కొంత కాలం పడుతుంది. ఇంట్లో ఉన్న ఈ మధ్యటి స్టీల్ రూపాయిల్లో బ్యాంకు నుంచి కొత్తగా వచ్చిన ఒకటీ, ఆటో చిల్లరలో వచ్చిన ఒకటీ పక్కపక్కన పెట్టి ల్యాంప్ కింద వంచి చూడండి, తేడా వెంటనే అర్థమవుతుంది. ఖర్చు రెండు రూపాయలు.

నలుపు గురించి ఒక మాట. ఏళ్ల తరబడి కాగితంలో, చెక్కపెట్టెలో ఉన్న వెండి మీద నీలం, బంగారు రంగు, ఊదా కలిసిన పొర వస్తుంది. కింద మెరుపు కనిపిస్తుంటే కలెక్టర్లు, అంటే నాణేలు సేకరించేవాళ్లు, దానికి ఎక్కువే ఇస్తారు. కింద ఏమీ కనిపించనంత మందంగా ఉంటే విలువ తగ్గుతుంది.

రాగి నాణేలకు రంగే ఒక గ్రేడ్. టంకశాల నుంచి వచ్చిన ఎర్ర రంగు ఉంటే రెడ్, సగం మారితే రెడ్ బ్రౌన్, పూర్తిగా మారితే బ్రౌన్. అంకె పక్కన ఇది కూడా రాస్తారు.

కొక్కెం, చిల్లు, సరాఫు గుర్తు

మన ప్రాంతంలో ఇది చాలా ముఖ్యం. వెండి రూపాయల్ని ఇక్కడ నగల్లో బాగా వాడారు. లంబాడీ ఆడవాళ్ల దండల్లో, పిల్లల మొలతాళ్లలో రూపాయలు, పావలాలు, బేడలు గుచ్చేవాళ్లు. నగ విప్పేశాక కొక్కెం తీసేసి నాణేన్ని అమ్ముతారు. రాజు తల పైన, అంచు దగ్గర లెన్స్ పెట్టండి. అక్కడ అంచు గీతలు చెరిగిపోయినా, టంకం మరక పసుపుగానో బూడిదగానో ఉన్నా, ఆ చోటు రాసి నున్నగా చేసినట్టున్నా అది కొక్కెం ఊడదీసిన నాణెమే. అక్షరాల మూలల్లో బంగారు పూత జాడ కూడా చూడండి.

చిల్లు పూడ్చినదైతే ఆ చోట రంగు తేడాగా ఉంటుంది, చెక్కిన అక్షరం పక్కవాటితో పోలిక కుదరదు. 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు కాణీకి మాత్రం చిల్లు టంకశాలలోనే పెట్టింది. దాన్ని లోపంగా లెక్కపెట్టరు.

సరాఫులు, అంటే వెండి, డబ్బు మార్చే వ్యాపారులు, పూర్వం వెండి అసలుదో కాదో తేల్చడానికి చిన్న ముద్రలు గుద్దేవాళ్లు. మెషీన్లు రాకముందు చేత్తో కొట్టిన నిజాం, మొఘల్ రూపాయల మీద ఇవి విరివిగా ఉంటాయి. అలాంటి పాత నాణేల్లో ఒకటి రెండు గుర్తులున్నా కలెక్టర్లు పెద్దగా పట్టించుకోరు. చార్మినార్ రూపాయి మీదో, విక్టోరియా రూపాయి మీదో ఉంటే అది లోపమే.

చేత్తో కొట్టిన నాణేలకు అసలు చూడాల్సినవే వేరు. అచ్చు నాణెం మధ్యలో పడిందా, టంకశాల పేరూ సంవత్సరమూ నాణెం మీద పడ్డాయా అన్నవి అరుగుదల కంటే ముఖ్యం. శాతవాహనుల సీసం నాణేల లాంటి ప్రాచీనమైనవాటికి అమెరికా గ్రేడింగ్ కంపెనీ ఎన్‌జీసీ అచ్చుకి 5కి ఎంత, ఉపరితలానికి 5కి ఎంత అని విడిగా మార్కులు ఇస్తుంది. ఇలాంటివాటికి కన్ను అలవాటు పడాలంటే పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో నాణేల విభాగం చూడండి. మెషీన్ నాణెం ఎలా పుడుతుందో తెలియాలంటే సైఫాబాద్ టంకశాలకు వెళ్లండి. 1903లో మొదలైన ఆ ప్రాంగణంలోనే చార్మినార్ రూపాయలు అచ్చయ్యాయి. 2022లో అక్కడ మ్యూజియం తెరిచారు. అచ్చు యంత్రాల ముందు నిలబడి చూస్తే అచ్చు లోపం, అరుగుదల మధ్య తేడా మనసుకి ఎక్కుతుంది. ఇప్పటి టంకశాల 1997 నుంచి చర్లపల్లిలో ఉంది. మీ జేబులోని నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌లో అచ్చయినదే.

అంకె ఎక్కడి నుంచి వచ్చింది

విలియం షెల్డన్ అనే అమెరికన్ 1949లో తమ దేశపు పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలమానం తయారుచేశాడు. తర్వాత అదే అన్ని నాణేలకూ పాకింది. గుడ్ 4 దగ్గర, ఫైన్ 12 దగ్గర, వెరీ ఫైన్ 20 నుంచి 35, ఎక్స్‌ఎఫ్ 40, 45, ఏయూ 50 నుంచి 58. అరుగుదల లేనివి 60 నుంచి 70, వాటి ముందు ఎంఎస్, అంటే మింట్ స్టేట్, అని రాస్తారు. ప్రత్యేకంగా అచ్చువేసిన ప్రూఫ్ నాణేలకు పీఎఫ్ లేదా పీఆర్.

60 దాటాక అరుగుదల ప్రశ్న ఉండదు. సంచుల్లో నాణేలు ఒకదానికొకటి తగిలిన గాట్లు ఎన్ని, ఎక్కడ, మెరుపు ఎంత, అచ్చు ఎంత పదును అన్నవే లెక్క. రాజు చెంప మీద ఉన్న గాటుకీ, జుట్టులో దాక్కున్న గాటుకీ ఒకే బరువు ఉండదు. గాట్లతో నిండిన ఎంఎస్ 60 కంటే శుభ్రమైన ఏయూ 58 కంటికి బాగుండటం తరచూ జరుగుతుంది. నేనైతే రెండోదే తీసుకుంటాను.

అభ్యాసం ఇలా చేయండి. గ్రేడింగ్ కంపెనీల సైట్లలో, వేలం సంస్థల పాత క్యాటలాగ్‌లలో గ్రేడ్ అయిన నాణేల ఫోటోలు ఉచితంగా దొరుకుతాయి. గ్రేడ్ రాసిన చోటు చేత్తో మూసి, మీ అంచనా కాగితం మీద రాసి, తర్వాత చూడండి. ఒకే రకం నాణేన్ని పట్టుకోండి, ఉదాహరణకి ఐదో జార్జి రూపాయి ఒక్కటే. పది రకాలు ఒకేసారి చూస్తే ఏదీ పట్టు దొరకదు.

కంపెనీకి పంపాలా?

పీసీజీఎస్ 1985లో, ఎన్‌జీసీ 1987లో అమెరికాలో మొదలయ్యాయి. నాణెం ఎవరిదో తెలియకుండా ఒకరి కంటే ఎక్కువ మంది చూసి, గ్రేడ్ ఖరారు చేసి, నంబర్‌తో గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేస్తారు. దాన్నే స్లాబ్ అంటారు.

అన్నిటినీ పంపడం డబ్బు దండగ. ఫీజు, రానుపోను కొరియర్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి లెక్క వేయండి. గ్రేడ్ వచ్చాక పెరిగే ధర దానికంటే బాగా ఎక్కువ ఉంటేనే పంపాలి. 1917, 1918 లాంటి విరివిగా దొరికే రూపాయి వీఎఫ్‌లో ఉంటే స్లాబ్ ఖర్చే రాదు. నకిలీలు ఎక్కువగా తిరిగే అరుదైన సంవత్సరాలు, ఒక గ్రేడ్ తేడాకి ధర గట్టిగా మారే నాణేలు, ఎంఎస్ 63 పైన వస్తుందని నమ్మకం ఉన్నవి, ప్రూఫ్‌లు, వీటికే అర్థం ఉంది.

మీ నాణెం తోమినదో, కొక్కెం ఊడదీసినదో అయితే అంకెకి బదులు "డీటెయిల్స్" అని వస్తుంది. ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్, క్లీన్డ్ అని రాసి ఉంటుంది. నాణెం అసలుదని తేలినట్టే, కానీ ధర బాగా తగ్గుతుంది. పైన చెప్పిన వరుసలో మీరే ముందు చూసుకుంటే ఈ ఫీజు మిగులుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి చట్టం. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలు పురావస్తువులు. వాటిని వ్యక్తులు దేశం బయటికి పంపకూడదు. గ్రేడింగ్ కోసమే, మళ్లీ తెప్పించుకుంటాం అన్నా కుదరదు. విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలన్నీ, మహబూబ్ అలీ ఖాన్ చార్మినార్ రూపాయలూ, ఐదో జార్జివీ ఉస్మాన్ అలీ ఖాన్‌వీ తొలి ఏళ్ల రూపాయలూ ఇందులోకి వచ్చేశాయి. ఏటా ఇంకో సంవత్సరం నాణేలు చేరుతుంటాయి. మీ తరఫున ఎవరైనా పంపిస్తామంటే నాణెం ఎక్కడికి వెళ్తుంది, ఏ కాగితాల మీద వెళ్తుంది అని రాతపూర్వకంగా అడగండి. సమాధానం తేటగా రాకపోతే ఇవ్వకండి. పొలంలోనో, పాత ఇల్లు పడగొట్టినప్పుడో పాతిపెట్టిన నాణేలు దొరికితే సంగతి వేరు. 1878 నిధి చట్టం ప్రకారం, విలువ 10 రూపాయలు దాటితే జిల్లా కలెక్టర్‌కి తెలియజేయాలి.

కొనేటప్పుడు

గురువారం జుమ్మేరాత్ బజార్‌లోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో నాణేలు కనిపిస్తే లెన్స్, తూకం జేబులో ఉంచుకోండి. ఎండ వెలుగు మెరుపు చూడటానికి పనికిరాదు, గీతలు చూడటానికి మాత్రం బాగుంటుంది. చీకటి పడ్డాక పసుపు బల్బు కింద కొనకండి.

స్లాబ్‌లో ఉన్నది కొంటుంటే డబ్బా మీది నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. చాలావాటికి ఫోటో కూడా ఉంటుంది. ఆ ఫోటోలోని గాట్లూ, నలుపు మరకలూ చేతిలోని నాణెంతో ఒక్కొక్కటీ పోల్చండి. అసలు నంబర్‌ని నకిలీ డబ్బా మీద అచ్చువేసేవాళ్లు ఉన్నారు. నంబర్ దొరికినంత మాత్రాన సరిపోదు.

2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల నాణేనికి లక్షలు ఇస్తామని ఫోన్లో వచ్చే మాటలు నమ్మకండి. అది మామూలు చలామణీ నాణెం. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత ట్యాక్స్ అంటూ వాళ్లే మీ దగ్గర డబ్బు లాగుతారు. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ఇలా కమిషన్లు అడుగుతున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. పాత నాణేలు ఎక్కువగా వాళ్ల దగ్గరే ఉంటాయి, ఫోన్లు కూడా వాళ్లకే వస్తాయి.

దాచడం

మెత్తగా, వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు. ఆకుపచ్చ జిడ్డు వచ్చేది వాటి వల్లనే. మైలార్ కవర్లు గానీ, కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు గానీ వాడండి. అట్ట హోల్డర్‌కి పిన్ను కొట్టాక దాన్ని చదును చేయండి, లేకపోతే పక్క నాణేన్ని గీస్తుంది. రబ్బరు బ్యాండ్లూ న్యూస్‌పేపరూ దగ్గరికి రానివ్వకండి, వాటి వల్ల వెండి త్వరగా నల్లబడుతుంది. ప్రతి హోల్డర్ మీదా బరువు, మీరు వేసిన గ్రేడ్, కొన్న తేదీ, ధర రాయండి. రెండు వైపులా ఫోటో తీసి ఉంచండి. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, వానాకాలం మొదలయ్యే ముందు, మళ్లీ అయిపోయాక మార్చండి.